తల మీదుగా తీసే తొడుగు

ఈ సాక్ష్యాన్ని కాగితం మీద పెట్టక తప్పలేదు సహోదరులారా, సహోదరీలారా. నేను నోటితో చెప్పిన సంగతి మూడు సంఘాల్లో మూడు రకాలుగా తిరుగుతోంది, ఆ మూడింటిలో ఒక్కటీ నాది కాదు. నందిగామ యువజన కూడికలో ఒక అన్నయ్య చెప్పినదాంట్లో నాకు కలలో దేవదూత కనబడి బట్టల కొలతలు చెప్పి వెళ్లాడు. వత్సవాయి వైపు చెప్పుకునేదాంట్లో ఎవరో పెద్దమనిషి దారిన పోతూ మా గుడిసె ముందు కారాపి, నా కన్నీళ్లు చూసి ఫ్యాక్టరీ రాసిచ్చి పోయాడు. ఈ రెండూ విని నవ్వి ఊరుకున్నాను. మూడోది వీడియోగా ఫోన్లలోకి ఎక్కింది. అందులో నేను పుట్టుగుడ్డిదాన్ని, మిరపచేలో ప్రార్థన చేస్తే చూపు వచ్చింది. వీడియో మీద కళ్లకు కట్టు కట్టిన అమ్మాయి బొమ్మ ఒకటి పెట్టారు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు.

ఆ వీడియో చూసి రెడ్డిగూడెం నుంచి నాగమణి అనే తల్లి నాలుగేళ్ల పాపను చంకనేసుకుని, బస్సులు మారి, అడుగుతూ అడుగుతూ జగ్గయ్యపేటలో మా కుట్టు షెడ్డు దగ్గరికి వచ్చింది. పాపకు ఒక కంట్లో తెల్ల పొర ఉంది.

"ఆ చేను యాడుందో చూపియ్యక్కా. మా పిల్లని కూడా ఆడ ఒక్క గంట నిలబెడతా" అంది.

నేను ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, అమ్మా నేను ఏనాడూ గుడ్డిదాన్ని కాను, నా కళ్లలో మిరప ఘాటు పడింది, అంతే, కడుక్కుంటే పోయింది, అని చెప్పేసరికి ఆమె ముఖం ఎలా మారిందో నేను రాయలేను. ఆ వారమే ఆమెతో కలిసి విజయవాడలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను, పాపకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు బొమ్మల పుస్తకం చూస్తోంది, దేవునికే మహిమ. కానీ ఆమె ముఖం నన్ను వదల్లేదు. అబద్ధం చెప్పి దేవుణ్ణి పొగడటం ఎందుకు? ఆయన చేసింది చాలలేదనా? నాకు విసుగొచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు, ఇంటి పేపరు లాంటి మన సంఘ పత్రికలో రాస్తున్నాను. ఇక ఎవరు చెప్పినా ఇది చూసుకుని చెప్పండి.

మాది వత్సవాయి దగ్గర పల్లె. నాన్న ఏసోబు లారీలకు సున్నపురాయి ఎత్తే పని చేసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు జబ్బు చేసి పోయాడు. అమ్మ కరుణమ్మ కూలి ముఠాతో పాటు మిరప కోతలకూ పత్తి తీయటానికీ పోయేది. మా వైపు ఆడవాళ్లు చేలోకి దిగేటప్పుడు చీర మీద మగవాళ్ల పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు, మీలో చాలామంది చూసే ఉంటారు. మొగుడిదో, కొడుకుదో, అన్నదో. ఎండకూ, మిరప ఘాటుకూ, ఆకు దురదకూ అదే అడ్డం. అమ్మ నాన్న చొక్కా తొడుక్కునేది. నీలం గళ్ల చొక్కా. ఉతికి ఉతికి గళ్లు కూడా పోయాయి.

పేదరికం అంటే ఆకలి అని పుస్తకాల్లో రాస్తారు. మాకు ఆకలీ ఉండేది, కాదనను, హాస్టల్లో చేరాకే నేను మూడు పూటలా తిన్నాను. కానీ నాకు గట్టిగా గుర్తున్నది వేరే. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, కోతలు సాగినన్నాళ్లూ అమ్మ నన్ను చేత్తో తాకేది కాదు. ఆముదం రాసినా, మజ్జిగలో ముంచినా ఆ వేళ్ల మంట పోదు, తాకితే తాకిన చోటల్లా మండుతుంది. అన్నం గరిటెతో కలిపి పెట్టేది. జడ పక్కింటి వాళ్లు వేసేవాళ్లు. నేను ఏడిస్తే అమ్మ మోచెయ్యి మడిచి, ఆ మోచేత్తో నా కళ్లు తుడిచేది. మిగతా పిల్లలకు అమ్మ చేతులు గుర్తుంటాయి, నాకు మోచెయ్యి గుర్తు.

పదో తరగతి అయ్యాక ఇంటర్ మధ్యలో ఆపేసి జగ్గయ్యపేటలో మస్తాన్ గారి బట్టల కొట్లో పనికి కుదిరాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక జన్మలో మిరపచేలో కాలు పెట్టనని. ప్రార్థనలో కూడా అదే చెప్పాను: "ప్రభువా, ఆ చేలోంచి నన్ను బయటికి తెచ్చావు, మళ్లీ లోపలికి పంపొద్దు." అది కృతజ్ఞత అనుకున్నాను. కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

కొట్టు తెరిచేలోపు ఉదయం పూట గ్రంథాలయం తెరిచి ఉండేది. శుక్రవారం సెలవు తప్ప నేను వెళ్లని రోజు లేదు. అక్కడి లైబ్రేరియన్ శేషగిరిరావు గారు మొదట నేను పేపర్లో ఉద్యోగాల పేజీ కోసం వచ్చాననుకున్నారు, తర్వాత బీరువా తాళాలే చేతికిచ్చారు. కుట్టు పుస్తకాలు, చిన్న పరిశ్రమల పుస్తకాలు, కూలీల ఆరోగ్యం మీద పుస్తకాలు, అర్థం కాని ఇంగ్లీషు పుస్తకాలు పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇలా ఆరేళ్లు చదివాను. కాలేజీ పూర్తి చెయ్యని నేను కాలేజీ చదివిన వాళ్లకు తెలియని సంగతులు చెప్పగలిగేదాన్ని. ఈ మాట గొప్పకే రాస్తున్నాను, దాచను. గ్రంథాలయం లేకపోతే నేను లేను. అయితే దేవుడు నన్ను కొట్టింది కూడా అక్కడే.

ఒక పెద్ద ఇంగ్లీషు పుస్తకంలో చేపల పడవల్లో పనిచేసే వాళ్లు వేసుకునే తొడుగు బొమ్మ చూశాను. ముందు గుండీలు లేవు. తల మీదుగా తొడుక్కోవాలి. మణికట్టు దగ్గర ఎలాస్టిక్. గాలి గానీ నీళ్లు గానీ లోపలికి చొరబడే సందే లేదని రాశారు. గాలి రానిచోట మిరప దుమ్ము మాత్రం ఎలా వస్తుంది? గుండీల సందులోంచే కదా ఘాటు ఒంటికి తగులుతోంది. మా అమ్మ, మా ముఠా ఆడవాళ్లందరూ చినిగిన చొక్కాలు వదిలేసి దీన్ని వేసుకుంటే ఎంత బాగుంటుంది. ఆ బొమ్మలో మనిషి వెనక అంతా మంచు. ఆ మంచు సంగతి నేను ఆలోచించలేదు.

మస్తాన్ గారు నా లెక్కలన్నీ విని, గడ్డం గోక్కుని, "అమ్మాయ్, నువ్వు కొట్లో ఉంటే నాకు లాభం, పోతే నీకు లాభం. పో" అని, అమ్ముడుపోని తానులు ముందు పెట్టి, డబ్బు తొడుగులు అమ్మాక ఇవ్వమన్నారు. పాత ఎరువుల గోడౌనులో ఒక వైపు అద్దెకు తీసుకుని నాలుగు కుట్టు మిషన్లతో మొదలుపెట్టాను. నాతో నలుగురు ఆడవాళ్లు, అందరూ ఏదో ఒక పని వదులుకుని నన్ను నమ్మి వచ్చినవాళ్లే. వానాకాలమంతా కుట్టాం. కోతలు మొదలయ్యేనాటికి గోడౌనులో గోడ కనబడనంతగా తొడుగులు పేరుకున్నాయి. ఆ కోతల కాలంలో అవి చేలల్లోకి వెళ్లకపోతే షెడ్డు మూత, ఆ నలుగురూ ఇంటికి, నేను మళ్లీ కొట్టు కౌంటరు దగ్గరికి. సంగతి అంత సూటిగా ఉంది.

మొదట మా ముఠాకే ఉచితంగా ఇచ్చాను. ముఠా మేస్త్రి మార్తమ్మ పిన్ని, అమ్మకు వరసకు చెల్లెలు. చేను గట్టు మీద నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, నోటుపుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించాను, చర్మానికి ఎందుకు మంచిది, ఎలా ఉతకాలి అని. అందరూ పని ఆపి విన్నారు. "బాగుందా పిన్నీ?" అని అడిగాను.

"బాగుందమ్మా. మెత్తగా ఉంది" అంది మార్తమ్మ పిన్ని.

మూడు రోజుల తర్వాత ఆటోలో ఆ దారిన పోతూ చూశాను. చేలో అందరూ పాత చొక్కాల్లోనే ఉన్నారు. మా అమ్మతో సహా.

అప్పుడు మొదలైంది నా చిరాకు. ఒకామెను అడిగితే దాచుకున్నానంది. ఒకామె పండక్కి వేసుకుంటానంది. మిరప కోత తొడుగు పండక్కి ఎలా వేసుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఒకరింట్లో గ్రైండరు మీద కప్పి ఉంది, ఒక ట్రాక్టరు సీటు మీద పరిచి ఉంది. అమ్మను అడిగితే, "పెట్టెలో పెట్టాలేవే, కొత్తది కదా" అంది. నందిగామలో, కీసర హైవే పక్కన ఉన్న కొట్లలో పెట్టించాను. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొన్న ఒకరిద్దరు మళ్లీ రాలేదు, ఎందుకు రాలేదో చెప్పలేదు. ఎవరూ తిట్టరు, ఎవరూ వంక పెట్టరు, అందరూ బాగుందంటారు, ఒక్కరూ వేసుకోరు. తిడితే జవాబు చెప్పొచ్చు. బాగుందన్నదానికి ఏం జవాబు చెప్తాం?

ఇక నా ప్రార్థన వినండి. సిగ్గు విడిచి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. రోజూ తెల్లవారుజామున మోకాళ్ల మీద ఇదే: "ప్రభువా, వీళ్ల మూర్ఖత్వం తీసెయ్యి. వీళ్ల మనసులు తెరువు. వీళ్ల మంచి కోసమే కదా చేశాను, వీళ్లకు బుద్ధి లేదా? మా అమ్మకైనా లేదా? నేను చదివింది, కుట్టింది నీకు కనబడటం లేదా?" ఉపవాసాలు ఉన్నాను. శుక్రవారం కూడికలో ప్రార్థన మనవి చీటీ ఇచ్చాను: కూలి సహోదరీల కఠిన హృదయాలు మారాలి. పాస్టర్ గారి భార్య గ్రేసమ్మ గారు ఆ చీటీని సంఘం ముందు చదవకుండా మడిచి పెట్టుకున్నారు. కూడిక అయ్యాక నన్ను ఆపారు.

"దీవెనా, నువ్వు దేవుణ్ణి అడుగుతున్నావా, దేవుడికి పని పురమాయిస్తున్నావా?"

"అడుగుతున్నానండి."

"వాళ్లని మార్చమంటున్నావు. నిన్నేం చెయ్యమంటాడో ఎప్పుడన్నా అడిగావా?"

నాకు ఒళ్లు మండింది. చెయ్యాల్సిందంతా చేశాక ఇంకేం చెయ్యమంటారు ఈ పెద్దావిడ? అయినా పెద్దవాళ్ల మాట కాబట్టి మర్నాడు తెల్లవారుజామున, నిజం చెప్పాలంటే ఆమెది తప్పని రుజువు చెయ్యటానికే, అలాగే ప్రార్థించాను: "సరే ప్రభువా. నన్నేం చెయ్యమంటావు? చెప్పు." అంతే, ఆ మాటే, ఆ గొంతుతోనే.

ఆమెన్ అని లేచేసరికి ఫోను మోగింది. మార్తమ్మ పిన్ని.

"దీవెనా, మన ముఠాలో సువార్తమ్మకి కాలు బెణికిందే. మబ్బు పట్టుంది చూశావా, రేపటికి వానంటున్నారు, ఆఖరి కోత, రైతు మొత్తుకుంటన్నాడు. ఒక చెయ్యి తక్కువైంది. నువ్వు రాగూడదా? ఇయ్యాలొక్కరోజే."

సహోదరులారా, దేవుడు నాతో మాట్లాడాలని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. మాట్లాడితే ఇదా మాట? వ్యాపారం నిలబెట్టమంటే మిరపకాయలు కొయ్యమంటాడా? పైగా నేను ఒట్టు పెట్టుకున్న చేను. ఇంకొక సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. నందిగామలో చిన్న వ్యాపారుల సమావేశంలో మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగితే "మాది వ్యవసాయ కుటుంబమండి" అన్నాను. కూలి అనలేదు. ఆ మాట అన్న నోటితోనే రోజూ కూలి సహోదరీల కోసం ప్రార్థించాను. రానని చెప్పబోయాను. కానీ ఇప్పుడే కదా అడిగాను, ఇప్పుడే ఫోను వచ్చింది, దేవుడికి ముఖం ఎలా చూపించను? విసుక్కుంటూనే ఆటో ఎక్కాను. నా తొడుగు మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్లాను. వీళ్లకు వేసుకుని చూపిద్దామని.

చేలో దిగాను. నన్ను చూసి అమ్మ తన పక్క సాలు చూపించింది. చీర కొంగు ఒడిలా నడుముకు కట్టుకుని, కోసిన కాయ అందులో వేసుకుంటూ పోవాలి, ఒడి నిండితే గోతంలో పొయ్యాలి. ఆఖరి కోత కాబట్టి కాయ చెట్టు మీదే ఎండి ఉంది, పట్టుకుంటే పగిలి గింజా దుమ్మూ లేస్తోంది. మొదటి రెండు గంటలు నా తొడుగు బ్రహ్మాండంగా ఉంది. నాకు ఎక్కడా ఘాటు తగల్లేదు. చూశారా అన్నట్టు అటూ ఇటూ చూశాను. ఎండెక్కే కొద్దీ మణికట్ల దగ్గర మంట మొదలైంది, ఎలాస్టిక్ లోపలికి దూరిన దుమ్ము బయటికి పోయే దారి లేక చెమటతో కలిసి అక్కడే కూర్చుంది. పంటి బిగువున ఓర్చుకున్నాను.

మధ్యాహ్నం అన్నానికి అందరూ గట్టెక్కారు. ఎక్కీ ఎక్కగానే ప్రతి ఒక్కరూ గాలికి వీపు పెట్టి నిలబడి, చొక్కా గుండీలు విప్పి, ఒక్కో చెయ్యి వెనక్కి లాగి, చొక్కా దూరంగా పట్టుకుని రెండు దులుపులు దులిపి, చెట్టుకు తగిలించారు. చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు చూసిన పని అది. నేను కూడా నా తొడుగు విప్పబోయాను.

తల మీదుగా.

ఒడిలో కాయల ఘాటు చెమటతో కలిసి ముందు భాగంలో బట్ట లోపలికంటా దిగి ఉంది. మెడ మడతల్లో గింజలు, దుమ్ము. ఎలాస్టిక్ చేతులు ఊడి రాలేదు, తల మధ్యలో ఇరుక్కుంది, నేను గింజుకున్న కొద్దీ ఆ బట్టంతా నా ముఖం మీద రుద్దుకుంది, ఊపిరి పీల్చాను, ఘాటు ముక్కులోకీ పోయింది. నేను అరిచానో లేదో గుర్తులేదు. ఎవరో లాగి బయటికి తీశారు. కళ్లు తెరవలేను. తర్వాత ఎవరో ముక్కులోంచి నవ్వారు, దాంతో పదిమందీ నవ్వారు.

"అయిందా ఓనరమ్మా బాప్తిస్మం" అంది మార్తమ్మ పిన్ని గొంతు. "మొదటి రోజు నాకూ ఇదే అయింది. సాయంత్రం దాకా లోకం కనపళ్ళా."

"నీకు తెలుసా? మరి చెప్పవేం పిన్నీ?"

"నువ్వడిగితేగా. బాగుందా అన్నావు. బాగుందన్నాం. బట్ట బాగానే ఉందిగా."

"విప్పేటప్పుడు ఎట్టా ఉందని అడగాల్సింది" అని ఇంకెవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

"నువ్వన్నా చెప్పొద్దా అమ్మా?" అన్నాను, ఎటు తిరిగి అంటున్నానో కూడా తెలియకుండా. కళ్లు రెండు చేతులతో నలపబోయాను.

"నలపబాక. చేతులు దించు" అంది అమ్మ. ముఖాన చెంబుడు నీళ్లు కొట్టింది, తన అన్నంలోకి తెచ్చుకున్న మజ్జిగ కూడా పోసింది. "నువ్వు అన్ని పుస్తకాలు చదివి కుట్టావు. నాకేం తెలుసని చెప్పేది?"

చదువుకున్న వాళ్ల మాటలు చాలా విన్నాను సహోదరులారా, ఏ మాటా అంత లోతుగా దిగలేదు. మా అమ్మ నాకు చెప్పటానికి భయపడింది. చెప్పులు విప్పకుండా గట్టు మీద నిలబడి నోటుపుస్తకం చదివిన మనిషికి ఎవరు చెబుతారు? వాళ్ల హృదయాలు మూసుకుపోయాయని సంఘానికి చీటీ ఇచ్చాను. సందు లేకుండా మూసి కుట్టింది నేను. ముందు వైపు తెరుచుకునే దారే పెట్టలేదు, తొడుగుకూ, నాకూ.

నాకు ఏడుపొచ్చింది. ఘాటు వల్లో దేని వల్లో చెప్పలేను. అప్పుడు అమ్మ మోచెయ్యి మడిచి నా కళ్లు తుడిచింది. నాన్న చొక్కా విప్పేసి ఉంది కాబట్టి ఆ మోచెయ్యి ఒక్కటే శుభ్రంగా, చల్లగా ఉంది. కళ్లు మూసుకునే ప్రార్థించాను, ఆ రోజు తెరిచి ప్రార్థించటం ఎలాగూ కుదరదు: "ప్రభువా, ఇన్నాళ్లూ వీళ్లకు చూపించమన్నాను. చూడాల్సింది నేను. చాలు, అర్థమైంది." అదీ చూపు వచ్చిందనే కథకు మూలం. ఇంతకంటే ఏమీ లేదు. ఇంతకంటే ఏం కావాలి?

ఆ మధ్యాహ్నం మిగతా సాళ్లు మార్తమ్మ పిన్ని ఇచ్చిన చొక్కా తొడుక్కుని కోశాను. కోత అయ్యాక అమ్మను అడిగాను, నాన్న చొక్కా విప్పి కొలత తీసుకుంటానని. కుట్లు విప్పితేగానీ ఏ ముక్క ఎంత వెడల్పుందో, భుజం ఎక్కడ జారిందో సరిగ్గా రాదు. అమ్మ చొక్కా మడిచి చంకలో పెట్టుకుంది.

"ఏందే విప్పేది? ఇది మీ నాన్నది."

"మళ్లీ అట్టాగే కుట్టిస్తానమ్మా."

"అట్టాగే వస్తదా?"

వస్తుందని నేను చెప్పలేకపోయాను. అంతకు ముందు రోజైతే చెప్పేదాన్ని. నాలుగు రోజులు అమ్మ ఆ చొక్కాతోనే పనికి పోయింది. ఐదో రోజు పొద్దున్నే జగ్గయ్యపేట షెడ్డుకు తనే వచ్చి, మిషను మీద చొక్కా పెట్టి, దాని మీద చెయ్యి వేసి ప్రార్థించింది. మా అమ్మ ప్రార్థన ఎప్పుడూ చిన్నదే: "తండ్రీ, ఇది దాని చేతిలో పెడుతున్నా. ఆయన కొలత తప్పిపోనియ్యబాక." తర్వాత నాకు బ్లేడు అందించింది.

నేను ఒక్కో కుట్టు విప్పుతుంటే ముఠా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చుట్టూ కూర్చున్నారు. అమ్మే పిలిచిందట. ఆ రోజు నేను నోటుపుస్తకం తెరిచింది రాసుకోవటానికి. మార్తమ్మ పిన్ని గుండీలు పెద్దవి పెట్టమంది, కోతల రోజుల్లో వేళ్లు మొద్దుబారి చిన్న గుండీ దొరకదట. మెడ వెనక పట్టీ నిలబడేట్టు ఉండాలని ఒకరు, చేతులు వదులుగా ఉండి ఒక్క గుండీతో ఊడిరావాలని ఒకరు, కుచ్చిళ్లు పట్టేట్టు పక్కల చీలిక కావాలని ఒకరు, వక్కాకు పెట్టుకునే లోపలి జేబు లేకపోతే అసలు వద్దని ఇంకొకరు. ఏ గ్రంథాలయంలోనూ ఈ పుస్తకం లేదు. ఇది చెప్పటం వల్ల గ్రంథాలయానికి అవమానం లేదు. పుస్తకం తప్పు చెప్పలేదు, మంచులో పనిచేసే వాళ్లకు రాసిన సంగతిని నేను మిరపచేలో దించాను.

మరి గోడౌను నిండా ఉన్న తొడుగులు? ఒక్కొక్కదాన్నీ ముందు వైపు నిలువునా, పై నుంచి కిందికి కత్తిరించి, పట్టీ వేసి, పెద్ద గుండీలు కుట్టాం. ఎలాస్టిక్ లాగేశాం. మొదటిదాన్ని కత్తిరించేటప్పుడు, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు పై నుంచి కిందికి చినిగిన మందిరపు తెర నాకు గుర్తుకొచ్చింది, అంత పెద్ద మాట అనటానికి భయపడి మిషను తొక్కాను. పై ఊళ్లలో ఇంకా కోతలు మిగిలి ఉన్నాయి. మార్తమ్మ పిన్ని ముఠా వాటిని వేసుకుని చేలోకి దిగింది. నేను ఎవరికీ ఏమీ చదివి వినిపించలేదు. వారంలో పక్క ఊరి ముఠా మేస్త్రి వచ్చి అడిగింది, తర్వాత ఇంకో ఊరు. కీసర కొట్టాయన ఫోను చేసి, ఇంతకుముందు పెట్టినవి తిరిగి తీసుకెళ్లి "ఆ ముందు చీలికవి" పంపమన్నాడు. షెడ్డు మూతపడలేదు. ఆ నలుగురిలో ఒక్కరూ ఇంటికి పోలేదు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో పంతొమ్మిది మిషన్లు నడుస్తున్నాయి, నందిగామలో రెండో షెడ్డు తెరిచాం, నాకు ఇరవై ఏడేళ్లు. యువ పారిశ్రామికవేత్త అని పిలిచి శాలువా కప్పుతున్నారు, విజయ రహస్యం చెప్పమని మైకు ఇస్తున్నారు. ఉన్నది చెబితే మాత్రం ముఖాలు చిన్నబోతాయి, ఏదో మంత్రం దాచిపెట్టానని అనుకుంటారు. మా అమ్మ మిరప కూలి అని మైకులోనే చెబుతున్నాను. అది చెప్పగలగటమే నాకు జరిగిన విడుదల. చేలోంచి బయటపడటం కాదు. ఆ చేనంటే నాకున్న సిగ్గులోంచి దేవుడు నన్ను బయటికి లాగాడు, తల మీదుగా లాగాడు కాబట్టి కాస్త మండింది.

ఇంకో విసుగు కూడా ఉంది, అది కూడా రాసేస్తాను. అప్పుడు నోరు తెరవని ఆడవాళ్లు ఇప్పుడు నోరు మూయటం లేదు. జేబు లోతు లేదని, రంగు నచ్చలేదని, గుండీ దారం పలచన అని పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫోన్లు. ఆరాధన మధ్యలో కూడా వెనక బెంచీలోంచి వీపు మీద గోకి చెబుతున్నారు. దేవా, నేను అడిగిన దానికి ఇంత ధారాళంగా జవాబు ఇవ్వాలా? అయినా ప్రతి ఫోనూ రాసుకుంటున్నాను.

ప్రియులారా, మీలో ఎవరి కోసమో, భర్త కోసమో, అత్తగారి కోసమో, యజమాని కోసమో, వాళ్లను మార్చమని ఏళ్లుగా ప్రార్థించి విసిగిపోయిన వాళ్లు ఉంటారు. ఆపమని చెప్పను. దాని పక్కన నన్నేం చెయ్యమంటావని ఒక్క మాట చేర్చండి. నాలాగా చిరాకు గొంతుతో అడిగినా ఆయన విన్నాడు. జవాబు మీరు కోరుకున్నట్టు ఉండకపోవచ్చు, కాలు బెణికిన మనిషి బదులు పనికి రమ్మనే ఫోనులా రావచ్చు. వెళ్లండి. ఆయన్ని నమ్మి వెళ్లినవాళ్లను ఆయన చేలో ఒంటరిగా వదిలేయడు.

చివరగా కృతజ్ఞతలు. బీరువా తాళాలు చేతికిచ్చిన శేషగిరిరావు గారికి. నన్ను కొట్లోంచి పొమ్మని, తానులిచ్చి ఇన్నాళ్లూ ఓపిక పట్టిన మస్తాన్ గారికి. నా చీటీ చదవకుండా మడిచిపెట్టిన గ్రేసమ్మ గారికి, ఆ చీటీ ఇప్పుడు అడిగినా ఇవ్వరు. బాగుందన్న పాపానికి ముఠా అందరికీ, నవ్వినందుకు కూడా. మార్తమ్మ పిన్నికి. సరైన రోజున కాలు బెణికించుకున్న సువార్తమ్మ పెద్దమ్మకు. నాతో ఇది రాయించిన రెడ్డిగూడెం నాగమణికి, బొమ్మల పుస్తకం చూస్తున్న ఆమె పాపకు. పోయి కూడా మాకు కొలత మిగిల్చిన నాన్న ఏసోబుకు.

అందరికంటే ఎక్కువగా మా అమ్మ కరుణమ్మకు. ఆమె ఇప్పటికీ నేను కుట్టిన కొత్తవేవీ వేసుకోదు, తిరిగి కుట్టిచ్చిన నాన్న చొక్కాతోనే కోతకు పోతుంది, మానమంటే వినదు. దాని ఎడమ చెయ్యి కాస్త బిగుతుగా కుట్టానని కోత కోతకూ దెప్పుతుంది. ఇవ్వమ్మా, విప్పి సరిచేస్తానంటే ఇవ్వదు.

"మోచెయ్యి మడత పడుతోందిగా. చాల్లే" అంటుంది.